దాణా మాత్రం తగ్గదు

సెకండ్ హ్యాండ్ కారు కొనేముందు మెకానిక్‌కి చూపిస్తాం. ఫ్లాట్ కొనేముందు లాయర్‌కి కాగితాలు చూపిస్తాం. గుర్రాన్ని కొనేముందు దాని కాళ్ళకి ఎక్స్‌రేలు తీయిస్తారు. మూడేళ్ళ కిందటి వరకూ నాకీ సంగతి తెలీదు. ఇప్పుడు నా ఫోన్‌లో మా ఇంట్లోవాళ్ళ ఫొటోల కంటే ఒక గుర్రం వెనక కాళ్ళ ఎక్స్‌రేలే ఎక్కువున్నాయి.

ఆ గుర్రం పేరు డస్టీ. వయసు 11. క్వార్టర్ హార్స్ జాతి. పావు మైలు, అంటే సుమారు 400 మీటర్ల పరుగులో మెరుపులా దూసుకెళ్తాయని ఆ జాతికి ఆ పేరొచ్చింది. డస్టీ గెల్డింగ్. మన భాషలో చెప్పాలంటే కోడె కాదు, ఎద్దు. పోటీల్లో ఆడి బాగా ఆరితేరిన గుర్రం. ఏ లోపమూ లేకపోతే 22,000 డాలర్లు పలికేదట. వెనక కాళ్ళ కీళ్ళలో ఆర్థరైటిస్ ఉంది కాబట్టి 9,000కి ఇస్తానంది దాని ఓనర్. మన లెక్కలో ఏడెనిమిది లక్షలు. నా జీతానికి అందే ధర. నా అనుభవానికి మించిన గుర్రం.

కొనాలా, వద్దా? రెండు నెలలు ఈ ఒక్క ప్రశ్నతోనే గడిపాను. గుర్రం గురించి మొదలుపెట్టిన లెక్క చివరికి నా ఉద్యోగం, నా వీసా, మా తాతయ్య పశువుల కొట్టం దాకా వెళ్ళింది. అందుకే రాస్తున్నా.

ఫ్రిస్కో నుంచి అరగంట

నేను డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటా. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తెలుగు సినిమా, మసాలా దోశ, హనుమాన్ గుడి అన్నీ పది పదిహేను నిమిషాల దూరంలోనే. అదే ఊరి నుంచి ఉత్తరంగా ఓ అరగంట, నలభై నిమిషాలు కారు తోలితే ఆబ్రీ, పైలట్ పాయింట్ వస్తాయి. అక్కడ రోడ్డుకి రెండు పక్కలా తెల్ల కంచెలు, వాటి వెనక గుర్రాలు. నడుము నొప్పికి వ్యాయామం వెతుక్కుంటుంటే ఆఫీసులో ఒకాయన "ఒకసారి వచ్చి చూడు" అని అక్కడికి తీసుకెళ్ళాడు. నడుము నొప్పి సంగతేమో గానీ, ప్రతి శనివారం అక్కడే తేలడం మొదలుపెట్టా.

మగధీరలో తప్ప గుర్రాన్ని దగ్గరగా చూడనివాణ్ణి కదా, ఇంత ఇష్టం ఎక్కణ్ణుంచి వచ్చిందని స్నేహితులు అడిగేవాళ్ళు. నాకు తెలుసు ఎక్కణ్ణుంచో. మాది ఒంగోలు పక్క పల్లె. తాతయ్యకి బండలాగుడు పోటీల పిచ్చి. తిరునాళ్ళ వస్తే ఎడ్ల జతని కడిగి, కొమ్ములకి రంగు వేసి, తోలుకెళ్ళేవాడు. ఇచ్చిన టైములో జత ఆ బండని ఎంత దూరం లాగిందో కొలుస్తారు. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని పళ్ళని బట్టే విభాగాలు. ఎద్దు నోరు తెరిచి వయసు చెప్పడం నాకు ఎక్కాల కంటే ముందే వచ్చు.

ఇక్కడ పర్ఫార్మెన్స్ హార్స్ అంటే దాదాపు అలాంటిదే. ఊరికే ఎక్కి తిరగడానికి కాదు, ఆటకని తయారుచేసిన గుర్రం. డస్టీ ఆడిన ఆట పేరు రైనింగ్. పశువుల్ని కాసే గుర్రానికి కావల్సిన కదలికలన్నీ ఒక వరసలో చేసి చూపించాలి. ఉన్నచోటే బొంగరంలా గిర్రున తిరగాలి, చిన్నవీ పెద్దవీ వలయాలు కొట్టాలి. అన్నిటికంటే జనం ఈలలు వేసేది స్లైడింగ్ స్టాప్‌కి. గుర్రం ఫుల్ స్పీడులో వచ్చి, వెనక కాళ్ళు పొట్ట కిందకి మడిచి, మట్టిలో మీటర్ల కొద్దీ జారుతూ ఆగుతుంది. ముందు కాళ్ళు మాత్రం నడుస్తూనే ఉంటాయి. ప్రతి జడ్జీ 70 మార్కుల దగ్గర మొదలుపెట్టి, ఒక్కో విన్యాసానికి కలుపుతూ తీసేస్తూ పోతాడు.

చూడటానికి చాలా అందంగా ఉంటుంది. ఆ అందం ఖర్చంతా వెనక కాళ్ళ మీదే పడుతుంది. పైగా ఓక్లహోమా సిటీలో ఏటా జరిగే పెద్ద రైనింగ్ పోటీ మూడేళ్ళ గుర్రాలకి. అంటే రెండేళ్ళ వయసు నుంచే తయారీ మొదలవ్వాలి. గుర్రం అస్థిపంజరం పూర్తిగా ముదరడానికి ఐదారేళ్ళు పడుతుంది.

60 సెకన్ల పరీక్ష

కొనేముందు చేయించే పరీక్షకి నేనే ఒక డాక్టర్‌ని పెట్టుకున్నా. ఓనర్ ఎప్పుడూ పిలిచే డాక్టర్‌ని కాకుండా వేరే ఆయన్ని. ఆవిడ నిజాయితీ మీద అనుమానంతో కాదు. అమ్మేవాళ్ళ డాక్టర్ కొనేవాళ్ళకీ డాక్టర్ అయితే ఆయనకే ఇబ్బంది. ఎక్స్‌రేలతో కలిపి 900 డాలర్లయింది.

ఆయన మొదట గుండె విన్నాడు, కళ్ళలోకి లైటు వేసి చూశాడు. పటకారులాంటి పనిముట్టుతో గిట్టల్ని ఒక్కో చోటా నొక్కి చూశాడు. గట్టి నేల మీద, మెత్తటి నేల మీద, తిన్నగా, గుండ్రంగా నడిపించాడు, దుడికించాడు. రక్తం తీసి పక్కన పెట్టాడు. నొప్పి తెలీకుండా ముందే మందులేమైనా ఇచ్చారా అన్నది దాంట్లో తెలుస్తుంది.

తర్వాత అసలు పరీక్ష. వెనక కాలు ఎత్తి, మడిచి, దాదాపు 60 సెకన్లు అలాగే గట్టిగా పట్టుకున్నాడు. వదిలిన మరుక్షణం దుడికించమన్నాడు. కుడి కాలికి పెద్ద తేడా లేదు. ఎడమ కాలికి మాత్రం డస్టీ మొదటి ఐదారు అడుగులు స్పష్టంగా కుంటాడు. తర్వాత సర్దుకున్నాడు.

ఎక్స్‌రేలో కారణం కనిపించింది. గుర్రం వెనక కాలి మధ్యలో, వెనక్కి వంగినట్టు ఉండే కీలుని హాక్ అంటారు. చూసి మనం మోకాలనుకుంటాం. నిజానికి అది మన చీలమండలాంటిది. పైకి ఒకటిగా కనిపించినా లోపల ఒకదాని కింద ఒకటిగా నాలుగు వరసల కీళ్ళుంటాయి. పైదే బాగా కదులుతుంది. కింది రెండూ దాదాపు కదలవు, కానీ బరువంతా వాటిమీంచే పోతుంది. డస్టీకి అరిగింది ఆ కింది రెండే. ఎముకల మధ్య ఉండాల్సిన సందు సన్నబడింది. అంచుల్లో ముళ్ళలాగా ఎముక పెరిగింది.

"ఇది పై కీలులో అయితే వద్దని గట్టిగా చెప్పేవాణ్ణి" అన్నాడు డాక్టర్. కింది కీళ్ళలో అరుగుదల ముదిరితే ఒక్కోసారి ఆ ఎముకలు వాటంతటవే అతుక్కుపోతాయట. అతుక్కున్నాక ఒరుసుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి నొప్పి తగ్గొచ్చు. అయితే అది ఎన్నేళ్ళకి జరుగుతుందో, అసలు జరుగుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. ఇంకో చిక్కు, ఎక్స్‌రేలో కనిపించేదానికీ నొప్పికీ అన్నిసార్లూ పొంతన ఉండదు. ఘోరమైన బొమ్మతో హాయిగా తిరిగే గుర్రాలుంటాయి. శుభ్రమైన బొమ్మతో కుంటేవీ ఉంటాయి.

"ఇంతకీ పాసా, ఫెయిలా?" అని అడిగా. ఇంజినీరింగ్ చదివినవాడికి వేరే ప్రశ్న రాదు.

"నేను పాస్, ఫెయిల్ చెప్పను. ఈ రోజు ఏం కనిపించిందో చెబుతా. దీంతో ఏం చేయించుకోవాలనుకుంటున్నావో నువ్వు చెప్పు" అన్నాడు.

ఆ మాటతో నా పరిశోధనంతా దారి మళ్ళింది. అప్పటిదాకా గుర్రం కీలు ఎంత బాగుందని చూస్తున్నా. ఆ కీలుతో నాకేం పని అన్నది అప్పుడే మొదటిసారి ఆలోచించా.

తెలిసిన లోపం

లోపం ఉందని తెలిసిన గుర్రాన్ని చూసి పారిపోవాల్సిన పని లేదు. మా సాఫ్ట్‌వేర్‌లో ప్రతి రిలీజ్‌కీ "తెలిసిన సమస్యలు" అని ఒక జాబితా ఇస్తాం. అది పొడుగ్గా ఉంటే భయపడం. అసలు లేకపోతే భయపడతాం. పదకొండేళ్ళు వచ్చి, ఎనిమిదేళ్ళు ఆడిన గుర్రానికి కాళ్ళలో ఏమీ లేదని ఎవరైనా అంటే, వెతకలేదని అర్థం.

పైగా దీనికి వైద్యం ఉంది. కీలులోకి స్టెరాయిడ్, హయలురానిక్ యాసిడ్ కలిపి ఇంజెక్షన్ ఇస్తారు. వాపు తగ్గుతుంది, కీలు తేలిగ్గా ఆడుతుంది. కొన్ని గుర్రాలకి ఆరు నెలలు, కొన్నిటికి ఏడాది పనిచేస్తుంది. గిట్టల్ని కాలికి సరిపడేలా చెక్కి నాడాలు కొట్టించాలి. కొట్టంలో కట్టేయకుండా రోజంతా పచ్చికలో తిరగనివ్వాలి, కదలికే దానికి మందు. బరువు పెరగనివ్వకూడదు. ఎక్కేవాడి బరువు కూడా. గుర్రం బరువులో ఐదో వంతుకి మించి మోయించకూడదని ఇక్కడ ఒక మోటు లెక్క. డస్టీ 480 కిలోలు. నేను 78. జీను 15. కలిపితే 93, అంటే 19 శాతం పైన. గీత మీదే ఉన్నా. ఆదివారం గుడి పులిహోర రెండోసారి పెట్టించుకోవడం ఆ రోజుతో ఆగింది.

అయితే ఇంజెక్షన్ అరిగిన కీలుని తిరిగి తేదు. నొప్పిని తగ్గిస్తుంది, అంతే. మా ట్రైనర్ మంచి మనిషి, గుర్రాన్ని కొట్టడం నేనెప్పుడూ చూడలేదు. ఆయనన్నాడు, "ఇంజెక్షన్ ఇప్పిస్తే ఇంకో రెండు మూడు సీజన్లు నిశ్చింతగా ఆడించొచ్చు" అని. తప్పేం లేదు, ఈ రంగంలో అందరూ చేసేదే. నాకు మాత్రం ఒక ముల్లు గుచ్చుకుంది. నొప్పి తగ్గించేది గుర్రం హాయిగా గడ్డి మేయడానికా, లేక నొప్పి తెలీకుండా అదే కీలు మీద ఇంకో వంద స్లైడింగ్ స్టాప్‌లు కొట్టించడానికా? సూది అదే, మందు అదే. మొదటిదైతే వైద్యం. రెండోదాన్ని ఏమనాలో తెలియలేదు.

మొండితనం కాదు

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకి గురయ్యే జంతువు. అడవిలో కుంటుతున్నట్టు కనిపిస్తే పులికి మొదటి ముద్ద అదే. అందుకే నొప్పిని దాచుకోవడం దాని నెత్తురులోనే ఉంది. పూర్తిగా కుంటేదాకా ఆగితే మనకి చాలా ఆలస్యంగా తెలిసినట్టు.

బ్రిటన్‌లో స్యూ డైసన్ అనే గుర్రాల డాక్టరు, ఆవిడ బృందం దీనిమీద పనిచేశారు. మనిషి ఎక్కినప్పుడు గుర్రం చూపించే 24 ప్రవర్తనల జాబితా తయారుచేసి 2018లో ప్రచురించారు. చెవులు వెనక్కి పెట్టడం, నోరు పదే పదే తెరవడం, తోక విసరడం, తల అటూ ఇటూ ఊపడం, ముందుకి వెళ్ళనని మొరాయించడం... ఇలాంటివి. 24లో 8 లేదా అంతకు మించి కనిపిస్తే ఎముకల్లోనో, కండరాల్లోనో నొప్పి ఉండే అవకాశం ఎక్కువని దాని సారం. ఎన్నో గుర్రాలు మొండివనీ బద్ధకమనీ పేరు తెచ్చుకున్నవి నిజానికి నొప్పి చెబుతున్నాయన్నమాట.

ఓనర్ దగ్గర డస్టీ పోటీల వీడియోలన్నీ ఉన్నాయి. అడగ్గానే పంపింది. ఒక రాత్రంతా కూర్చుని, స్లో మోషన్‌లో పెట్టి లెక్కపెట్టా. ఐదేళ్ళ కిందటి వీడియోలో 2. రెండేళ్ళ కిందట 4. చివరి పోటీలో 9. నేను డాక్టర్‌ని కాదు, నా లెక్క అటూ ఇటూ ఉండొచ్చు. కానీ ఆ చివరి వీడియోలో చప్పట్ల మధ్య, ఆగిన ప్రతిసారీ తోక ఒక్క విసురు విసిరేవాడు. ఆ పోటీలో వాడికి మంచి మార్కులే వచ్చాయి.

ఆ రాత్రితో ఒక విషయం తేలిపోయింది. నేను ఎక్కినా ఎక్కకపోయినా, డస్టీ స్లైడింగ్ స్టాప్‌లు చేయకూడదు. మెల్లగా దారుల వెంట నడవొచ్చు. నాలాంటివాడికి వలయాలు తిప్పడం నేర్పొచ్చు. అంతే. ఇది ఒప్పుకుంటే, నేను కొనేది పోటీ గుర్రాన్ని కాదు. పోటీ నుంచి రిటైరైన గుర్రాన్ని.

ఎక్సెల్ షీట్

ఇంట్లో చెప్పా. అమ్మ ముందు నవ్వింది. "పెళ్ళికి గుర్రమెక్కరా అంటే వినవు, గుర్రాన్నే కొంటావా?" అంది. నాన్న ఫోన్ తీసుకుని ఒక్క సామెతతో తేల్చేశాడు. "గుర్రం గుడ్డిదైనా దాణా తక్కువ కాదురా."

వెటకారంగానే అన్నాడు గానీ, ఆ సామెతని ఎక్సెల్‌లో పెట్టి చూస్తే కళ్ళు తిరిగాయి. కొట్టం అద్దె, దాణా, ఎండుగడ్డి, ఆరేడు వారాలకోసారి నాడాలు, టీకాలు, పళ్ళు అరగదీయించడం, కీళ్ళ ఇంజెక్షన్లు అన్నీ కలిపి నెలకి సగటున 1,100 డాలర్లు. డస్టీని మెల్లగానైనా ఎక్కగలిగేది మహా అయితే ఇంకో నాలుగేళ్ళు అనుకున్నా. ఆ నాలుగేళ్ళకి 52,800.

తర్వాత? గుర్రాలు 25, 30 ఏళ్ళు బతుకుతాయి. వీడికి 26 వేసుకుందాం. పని మాన్పించి పచ్చికలో వదిలేస్తే ఖర్చు తగ్గుతుంది, నెలకి 600 అనుకుందాం. పదకొండేళ్ళకి 79,200. రెండూ కలిపితే 1,32,000 డాలర్లు.

ఆ షీట్‌లో రెండు అంకెలు నన్ను చాలాసేపు కదలనివ్వలేదు. ఒకటి, కీళ్ళు పాడైనందుకు నాకు తగ్గించిన 13,000 డాలర్లు. అది వీడి ఒక్క ఏడాది ఖర్చుకి దాదాపు సరిపోతుంది. అంత పెద్ద డిస్కౌంట్ అనుకున్నది పన్నెండు నెలల్లో కరిగిపోయేదే. రెండోది, ఎక్కగలిగే నాలుగేళ్ళ కంటే ఎక్కలేని పదకొండేళ్ళకే ఖర్చు ఎక్కువ. అమ్మకం ప్రకటనలో ఉండేది నాలుగేళ్ళ గుర్రం. మనం ఇంటికి తెచ్చుకునేది పదిహేనేళ్ళ గుర్రం.

ఇన్సూరెన్స్ ఉండదా అంటారా? గుర్రాలకీ ఉంటుంది. ముందే బయటపడ్డ ఆ కీళ్ళని మాత్రం పాలసీలోంచి తీసేస్తారు.

వామి ఉందా?

డబ్బు ఒక్కటే అయితే ఎలాగో సర్దుకోవచ్చు. నేను ఇక్కడ ఉన్నది హెచ్1బి వీసా మీద. ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. ఈ రెండేళ్ళలో నా టీమ్‌లోనే ముగ్గురు సామాను సర్దుకోవడం చూశా. 60 రోజుల్లో కారు అమ్మొచ్చు. సోఫా స్నేహితుడికి ఇవ్వొచ్చు. కీళ్ళ నొప్పులున్న పదిహేనేళ్ళ గుర్రాన్ని ఎవరికివ్వాలి?

ఎవరూ తీసుకోని గుర్రాలు ఇక్కడ వేలంపాటకి వెళ్తాయి. అమెరికాలో చివరి మూడు గుర్రాల కబేళాలు 2007లో మూతపడ్డాయి. అందులో రెండు మా డాలస్ చుట్టుపక్కలవే, ఫోర్ట్ వర్త్‌లో ఒకటి, కౌఫ్‌మన్‌లో ఒకటి. మూతపడితే కథ ముగియలేదు. అప్పట్నుంచి వేలంలో కొన్న గుర్రాల్ని లారీలెక్కించి మెక్సికోకి, కెనడాకి తోలుతున్నారు. అక్కడ కోస్తారు. టెక్సస్ నుంచి మెక్సికో సరిహద్దు ఎంత దూరమో వేరే చెప్పాలా? అన్ని పతకాలు గెలిచిన గుర్రమైనా, నాలుగు చేతులు మారాక ఆ లారీలో ఉండదని హామీ ఎవరూ ఇవ్వలేరు. అమ్మినవాళ్ళలో చెడ్డవాళ్ళు ఉండనక్కర్లేదు. అందరూ మంచివాళ్ళే అయినా, అందరికీ ఏదో ఒక ఇబ్బంది వస్తే చాలు.

ఇది నాకు కొత్త కథ కాదు. మా తాతయ్యకి కాలు పోయిన ఎడ్లు రెండు. ఒకటి నేను పుట్టకముందు, కరువు ఏడాది. దాన్ని సంతకి తోలేశాడు. ఎవరు కొంటారో తెలిసే తోలాడు. రెండోది నాకు బాగా గుర్తు. మోకాలు వాచి, కాడి కట్టడానికి పనికిరాకుండా పోయింది. అది మరో ఆరేళ్ళు కొట్టంలోనే ఉండి, అక్కడే పోయింది. దానికి రోజూ చిట్టు కలిపిన కుడితి పెట్టే పని నాది.

మొదటిదాన్ని అమ్మి రెండోదాన్ని ఎందుకు ఉంచావని ఒకసారి అడిగా. రెండోదంటే ప్రేమ ఎక్కువ అంటాడనుకున్నా. "ఆ ఏడు వామి లేదురా. ఈ ఏడు ఉంది" అన్నాడు. మొదటి ఎద్దే ఆయనకి ఎక్కువ పోటీలు గెలిపెట్టిందని నానమ్మ తర్వాత చెప్పింది.

డస్టీ విషయంలో నాకు దారి చూపించింది ఏ డాక్టర్ రిపోర్టూ కాదు, ఈ మాటే. జంతువు మీద ప్రేమ నాకు సరిపడా ఉంది. లేనిది గడ్డివామి. జీతం ఆగినా, దేశం వదిలినా వాడి మేత ఆగకుండా ఉండే ఏర్పాటు. అది లేకుండా 9,000 చేతిలో పెట్టి పగ్గం పట్టుకుంటే, వాడి భవిష్యత్తుని నా వీసాకి కట్టేసినట్టే.

చివరికి

ఓనర్‌కి అరవై ఏడేళ్ళు. మోకాళ్ళు రెండూ మార్పించుకుంది. ఆమె డస్టీని అమ్ముతున్నది ఎక్కలేక, ఎక్కేవాళ్ళు లేక ఊరికే నిలబెట్టడం ఇష్టం లేక. ఐదెకరాల పచ్చిక ఉంది. ఆవిడ వంటింటి బల్ల దగ్గర కూర్చుని నా షీట్ చూపించా. వీడియోల లెక్క కూడా చూపించా. చివరి పోటీ దగ్గర 9 అంకె చూసి ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అందుకే ఆపేశాం కదా" అంది.

కొననని చెప్పా. ఒక ఏడాది లీజుకివ్వమని అడిగా. అమెరికాలో గుర్రాల లీజు మామూలే, చాలామంది కొనేముందు అలాగే చూసుకుంటారు. ఆ ఏడాది వాడి ఖర్చంతా నాది. పోటీల్లేవు, స్లైడింగ్ స్టాప్‌లు లేవు. వారానికి మూడు రోజులకి మించి ఎక్కను. ఇంజెక్షన్ ఎప్పుడివ్వాలో డాక్టర్ చెప్పాలి, నేనో ట్రైనరో కాదు. నా ఉద్యోగం పోతే డస్టీ ఆవిడ పచ్చికకే తిరిగొస్తాడు. ఏడాది చివర మళ్ళీ అదే డాక్టర్‌తో కాలు మడిపించి చూస్తాం. అప్పటికి నా పరిస్థితి కుదురుగా ఉంటే కొంటా, ధర మాత్రం ఇప్పుడే రాసుకుందాం అన్నా.

ఆవిడ రెండు షరతులు కలిపింది. కొన్నాక ఎప్పుడు వదిలించుకోవాలనుకున్నా ముందు ఆవిడకే చెప్పాలి, మూడో మనిషికి అమ్మకూడదు. మందులకి లొంగని నొప్పి వస్తే, నిద్రపుచ్చే నిర్ణయం డాక్టర్ చెప్పిన రోజునే తీసుకోవాలి, మన బాధ కోసం ఒక్క నెల కూడా లాగకూడదు. రెండోది చదివి సంతకం పెట్టడానికి నాకు కాస్త టైం పట్టింది. పెట్టా.

మా ట్రైనర్ మాత్రం నొచ్చుకున్నాడు. "అంత నేర్చిన గుర్రాన్ని దారుల వెంట తిప్పడానికా?" అన్నాడు. ఆయన కోణంలో అది నిజమే. కానీ నేర్చుకోవాల్సింది నేను. వలయం తిప్పేటప్పుడు నా బరువు ఎటు పడుతోందో డస్టీ ఒక్క చెవి తిప్పి చెబుతాడు. ఆ పాఠానికి కీళ్ళతో పనిలేదు.

మీలో ఎవరైనా ఎప్పుడైనా ఇలాంటి బేరం ముందు నిలబడితే, ఎక్స్‌రేలు తప్పకుండా తీయించండి. వేరే డాక్టర్‌నే పెట్టుకోండి. ఏ కీలు, ఎంత, ఏ పనికి అని అడగండి. అవన్నీ అయ్యాక ధర గురించి మాట్లాడేముందు, అది పనిచేయని ఏళ్ళని ఒక కాగితం మీద కూడి చూడండి. గుర్రం కాకపోయినా, కుక్కపిల్ల అయినా సరే.

నేను వేరే ఖాతా ఒకటి తెరిచా. నెలకి 250 డాలర్లు దాంట్లోకి వెళ్ళిపోతాయి. ఖాతాకి ఏదైనా పేరు పెట్టుకోమని బ్యాంక్ యాప్ అడిగితే "గడ్డివామి" అని తెలుగులోనే కొట్టా. పదకొండేళ్ళకి సరిపోయే వామి కాదది, నాకు తెలుసు. నిన్న రెండో నెల డబ్బులు పడ్డాయి. ఈ శనివారం నాడాలు కొట్టేవాడు వస్తున్నాడు. బిల్లు నా పేరు మీదే.